గణితాచార్యుడు శ్రీ మహావీరాచార్యులు

వర్తకునకు లెక్క అన్నము పెట్టు విద్య. ఆ విద్యను శాస్త్రముగా కూర్చి యిచ్చిన జైన పూర్వులలో శ్రీ మహావీరాచార్యులవారు అగ్రగణ్యులు. తీర్థంకరులైన వర్ధమాన మహావీరస్వామివారు వేరు, ఈ గణితాచార్యులు వేరు.

మాన్యఖేటము రాజధానిగా నేలిన రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ.శ. 850 ప్రాంతమున, వీరు వర్ధిల్లిరి. ఆ నగరమే నేడు కర్ణాటకమున కలబురగి జిల్లాలోని మళఖేడ గ్రామము. ఆచార్యులవారి తల్లిదండ్రులెవరో, జన్మస్థలమేదో తెలియదు. వారు రచించిన గణితసార సంగ్రహమే మనకు మిగిలిన వారి జీవితము. జినేశ్వరునకు నమస్కరించి, ప్రభువును ప్రశంసించి, 9 అధ్యాయములలో సంస్కృతమున దానిని రచించిరి. వడ్డీ లెక్కలు, భాగస్థుల వాటాలు, బంగారపు వన్నె లెక్కలు అందు కలవు. ఏకము మొదలు మహాక్షోభము వరకు 24 స్థానములకు పేర్లు కలవు.

వారికి పెద్ద సంఖ్యలన్న భయము లేదు, ప్రీతియే. కొన్ని గుణకారముల ఫలితములను వారు హారములతో పోల్చిరి. 2,79,94,681ని 441 చేత గుణించిన 12345654321 వచ్చును. ఎటునుండి చదివినను ఒక్కటే. కోట్లలో చెప్పిన 1,234 కోట్ల 56 లక్షల 54 వేల 321.

ఇందు మాయ లేదు. 441 అనునది 21కి వర్గము. 2,79,94,681 అనునది 5,291కి వర్గము. 21ని 5,291 చేత గుణించిన 1,11,111. కావున ఆ హారము 1,11,111కు వర్గము. ఆరు ఒకట్లను ఆరు వరుసలుగా, వరుసకొక స్థానము జరుపుచు వ్రాసి కూడినచో, నడిమి గడిలో ఆరు ఒకట్లు పడును. ఇరుప్రక్కలకు ఒక్కొక్కటి తగ్గును.

ఋణసంఖ్యకు వర్గమూలము లేదని వారు ఆనాడే స్పష్టముగా చెప్పిరి. సున్నచే భాగించిన సంఖ్య మారదనుట మాత్రము పొరపాటు. అంతటివారి లెక్కనైనను సరిచూచుకొనుటయే శాస్త్రధర్మము.

పావులూరి మల్లన ఈ గ్రంథమును పూర్వమే తెనిగించెను. 1912లో మద్రాసున శ్రీ ఎం. రంగాచార్యులవారు ఇంగ్లీషు అనువాదముతో మూలమును ప్రకటించిరి. కన్నడ నేలపై పుట్టి తెలుగులోనికి వచ్చిన ఈ విద్య బెంగుళూరులోని తెలుగు జైన కుటుంబములకు రెండువిధముల సొంత ఆస్తి. అయినను మన యిండ్లలో ఆచార్యులవారి పేరెరిగిన బిడ్డలెందరు?

నేడు చిక్కపేట అంగళ్ళలో లెక్కలు యంత్రమే వేయును. అది ఫలితమును చూపును గాని కారణమును చెప్పదు. కారణమెరుగనివాడు తప్పు పడినచోట దానిని పట్టలేడు. తప్పు పట్టలేని వర్తకుని చిట్టాను ఎవరు నమ్ముదురు? ఈ పర్యూషణ దినములలోనైనను ప్రతి యింట పిల్లలచే ఈ ఒక్క గుణకారమును కాగితముపై చేతితో వేయించుదురు గాక. ఆచార్యులవారికి మనము చేయదగిన వందనమదియే.