సామ్ లాంగ్‌ఫర్డ్ – పెట్టని పోటీ

స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు మన బ్యాచుల్లో చాలామందే ఉన్నారు. అందుకని నేను ఒక బాక్సరు కథ చెబుతాను. పూర్వ విద్యార్థులం నలుగురం కలిస్తే ఆటల మీద వాదన తప్పదు కదా. ఎవరు గొప్ప, ఏ ఫలితం న్యాయం, ఎవరికి అన్యాయం జరిగింది అని. అలాంటి వాదన మొదలైనప్పుడల్లా నాకు సామ్ లాంగ్‌ఫర్డ్ గుర్తొస్తాడు. 1956లో కన్నుమూసిన ఆయన గురించి బాక్సింగ్ అభిమానులు ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉన్నారు.

లాంగ్‌ఫర్డ్ 1880ల్లో కెనడాలోని నోవా స్కోషియాలో, వేమత్ ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో, నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తండ్రి దెబ్బలు పడలేక చిన్నప్పుడే ఇల్లు విడిచాడు. దొరికిన పనల్లా చేస్తూ అమెరికాలోని బోస్టన్ చేరాడు. అక్కడ మందుల షాపాయన జో వుడ్‌మన్‌కు ఒక బాక్సింగ్ క్లబ్బు ఉండేది. అందులో ఊడ్చే పనికి కుదిరిన కుర్రాడు 1902లో తానే బరిలోకి దిగాడు. వుడ్‌మన్ ఆయనకు మేనేజరయ్యాడు.

మరుసటి ఏడాది డిసెంబరులో లాంగ్‌ఫర్డ్ లైట్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ జో గాన్స్‌ను పాయింట్ల మీద ఓడించాడు. కానీ బరువు పరిమితి దాటి ఉండటంతో ఆ పోటీలో టైటిల్ పణంగా లేదు. ఛాంపియన్‌ని ఓడించి కూడా ఛాంపియన్ కాలేకపోయాడు. 1904లో వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ జో వాల్కాట్‌తో 15 రౌండ్లు తలపడితే డ్రా అన్నారు. చూసినవాళ్ళలో చాలామంది లాంగ్‌ఫర్డే గెలిచాడనుకున్నారు. డ్రా అయితే టైటిల్ పాతవాడి దగ్గరే ఉంటుంది.

ఎక్కువ వాదన నడిచేది 1906 ఏప్రిల్‌లో జాక్ జాన్సన్‌తో జరిగిన పోటీ మీద. జాన్సన్ అప్పటికింకా ప్రపంచ ఛాంపియన్ కాలేదు. లాంగ్‌ఫర్డ్ ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలకు మించదు. బరువులో జాన్సన్ కంటే సుమారు 13 కిలోలు తక్కువ. 15 రౌండ్లూ నిలబడ్డాడు గానీ పాయింట్ల మీద ఓడిపోయాడు. తర్వాత వుడ్‌మన్ ఒక కథ పుట్టించాడు: జాన్సన్‌ను లాంగ్‌ఫర్డ్ కింద పడేశాడనీ, గెలుపును లాగేసుకున్నారనీ. ఆనాటి పత్రికలు మాత్రం జాన్సన్ స్పష్టంగా గెలిచాడనీ, కిందపడ్డది లాంగ్‌ఫర్డేననీ రాశాయి. అభిమానులకు రుచించకపోయినా ఈ ఫలితం సరైనదే.

1910లో మిడిల్‌వెయిట్ ఛాంపియన్ స్టాన్లీ కెచెల్‌తో ఫిలడెల్ఫియాలో ఆరు రౌండ్ల పోటీ జరిగింది. అప్పట్లో అక్కడ అధికారికంగా విజేతను ప్రకటించేవారు కాదు. ముందు ముందు టైటిల్ కోసం పెద్ద పోటీ పెట్టుకోవచ్చని లాంగ్‌ఫర్డ్ చేయి వెనక్కి తీశాడని చాలామంది నమ్మకం. ఆ అక్టోబరులోనే కెచెల్ హత్యకు గురయ్యాడు. ఆ పెద్ద పోటీ జరగనేలేదు.

ఈ ఫలితాలన్నీ తిరగేసినా లాంగ్‌ఫర్డ్‌కు జరిగిన అసలు అన్యాయం వాటిలో కనబడదు. 1908లో జాన్సన్ ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియనయ్యాడు. లాంగ్‌ఫర్డ్‌కు మళ్ళీ అవకాశం ఇవ్వలేదు. ఇద్దరు నల్లవాళ్ళ పోటీకి డబ్బు రాదనే మాట ఉండేది. కానీ 1913లో ఆ జాన్సనే ప్యారిస్‌లో మరో నల్లజాతి బాక్సరు జిమ్ జాన్సన్‌తో తలపడ్డాడు. 1915లో టైటిల్ తెల్లవాళ్ళ చేతికి వెళ్ళాక నల్లవాళ్ళకు తలుపు పూర్తిగా మూసేశారు. అది మళ్ళీ తెరుచుకున్నది 1937లో, జో లూయిస్‌కు. తర్వాత ఛాంపియనైన జాక్ డెంప్సీ కూడా, తాను భయపడి తప్పించుకున్నది లాంగ్‌ఫర్డ్‌నేనని ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

ఇక లాంగ్‌ఫర్డ్‌కు మిగిలింది తనలాగే తలుపు బయట నిలబడ్డవాళ్ళు. హ్యారీ విల్స్, శామ్ మెక్‌వే, జో జెనెట్. ఒక్కొక్కరితో పదిసార్లకు పైనే తలపడ్డాడు. 1917లో ఫ్రెడ్ ఫుల్టన్‌తో పోటీలో ఒక కన్ను బాగా దెబ్బతింది. చూపు మసకబారుతున్నా కూటి కోసం ఆడుతూనే ఉండి, 1923లో మెక్సికో హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. 1926లో ఆపేశాడు. 1944లో ఒక విలేకరి వెతికి పట్టుకునేసరికి న్యూయార్క్ హార్లెంలో ఒక గదిలో, గుడ్డివాడై, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఉన్నాడు. ఆ కథనం చదివినవాళ్ళు నిధి పోగుచేసి ఆయన్ను ఆదుకున్నారు.

మా సైట్లలో కాంక్రీటు క్యూబును 28వ రోజున మెషీన్ కింద పెట్టి నలగ్గొడతాం. ఎంత బరువుకు నలిగిందో దాన్ని బట్టి దాని బలం లెక్కగడతాం. క్యూబును మెషీన్ దాకా తీసుకురాకపోతే రిపోర్టులో ఆ గడి ఖాళీగా ఉంటుంది. దాన్ని ఎవరూ ఫెయిల్ అనరు, పరీక్ష జరగలేదంటారు. ప్రపంచ ఛాంపియన్ల జాబితాలో లాంగ్‌ఫర్డ్ గడి అలాంటిది. తప్పుడు తీర్పునైతే వందేళ్ళ తర్వాతైనా తిరగదోడి వాదించుకోవచ్చు. పెట్టని పోటీ గురించి వాదించడానికి ఏముంటుంది?

స్వర్ణోత్సవ వేదిక మీద కప్పులు, ర్యాంకులు తెచ్చినవాళ్ళ పేర్లు చదువుతాం. చదవాల్సిందే. టీములో చోటు దొరకనివాళ్ళు, ఫీజు కట్టలేక పరీక్షకు ముందే బడి మానేసినవాళ్ళు ప్రతి బ్యాచులోనూ ఉన్నారు. వాళ్ళ గడులూ ఖాళీగానే ఉన్నాయి. సంఘం తరఫున ఈ ఏడాది ఎవరికైనా సాయం చేయాలనుకుంటే, ముందుగా ఇప్పుడు బడిలో అలా ఆగిపోబోతున్న పిల్లలెవరో అడుగుదాం. మన మాస్టార్లకు ఆ పేర్లు తెలిసే ఉంటాయి.