తెఱచియున్న ద్వారము: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

ప్రతి సంవత్సరమును పరీక్షలు సమీపించునప్పటికి మా పాఠశాలలో పదవ తరగతి విద్యార్థుల ముఖములయందు ఒక చింత పొడచూపుట మేము చూచుచున్నాము. ఆ చింత పరీక్షను గూర్చినది మాత్రమే కాదు. పరీక్ష ముగిసిన పిదప ఏ కళాశాలలో చేరవలయును, ఏ చదువు చదువవలయును, అందులకు ధనము ఎచ్చటనుండి వచ్చును, కోరినది దొరకనిచో గతి యేమి అను ప్రశ్నలు వారిని నిదురపోనీయకున్నవి. తలిదండ్రులును ఇవే ప్రశ్నలతో మా యొద్దకు వచ్చుచున్నారు. కొందఱు ఒక్క కళాశాల పేరునే జపించుచు, అది తప్పినచో జీవితమే తప్పినదని తలంతురు. మఱికొందఱు భయపడి, తమకు తగినదానిని సయితము అడుగకయే విడిచిపెట్టుదురు. ఈ యిరుతెగలవారికిని ఉపయోగపడునని తలంచి, తెలుగునాట పుట్టి లోకమునకు మేలుచేసిన యొక మహాపురుషుని చరిత్రమును ఈ సంచికయందు వ్రాయుచున్నాము. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమగోదావరి మండలములోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిన్న యుద్యోగి; తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాలుగవవారు. తండ్రి ఆరోగ్యము చెడి ఉద్యోగమును ముందుగానే విడువవలసివచ్చుటచే ఆ సంసారము మిక్కిలి యిబ్బందులకు లోనయ్యెను. ఇట్టి యింట పిల్లవాని చదువనగా కేవలము విద్య కాదు. అది కుటుంబమంతయు కన్నులలో వత్తులు వేసికొని చూచు నాధారము.

అట్టి ఆశలకు పాత్రుడైన బాలుడు మొదట చదువునందు నిలుకడ చూపలేదు. పదమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి అచ్చట యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవచ్చునని యెంచి ఇల్లు విడిచిపోయెను. ఇంటివారు వెదకి వెనుకకు గొనివచ్చిరి. తల్లి యాతనిని తిరిగి బడికి పంపెను. రాజమహేంద్రవరమున చదివి మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండగా తప్పెను. మఱల కూర్చుండగా మఱల తప్పెను. ఆ దినములలో ఆ పరీక్ష తప్పినవానికి కళాశాల ద్వారము మూయబడినట్లే. బంధువులు ఇక వీనిని ఏదేని పనిలో పెట్టుట మేలని తలంచినను తప్పుపట్టలేము. తల్లి మాత్రము ఆశ విడువలేదు. ఆతడు చెన్నపట్టణము చేరి తిరువళ్ళిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, మూడవమాఱు పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ తరగతిలో చేరెను.

ఈ ఘట్టముననే సుబ్బారావుగారికి నేటి మన విద్యార్థుల చింత యెదురయ్యెను. ఆయనకు గణితశాస్త్రమునందు మంచి ప్రజ్ఞ కలదు. అయితే మనస్సు మాత్రము సన్న్యాసమువైపు లాగుచుండెను. రామకృష్ణ మఠమున చేరి సేవచేయవలయునని ఆయన కోరిక. తల్లి యందులకు సమ్మతింపలేదు. సేవయే కోరికయైనచో వైద్యము నేర్చి రోగులకు సేవచేయవచ్చునని మఠమువారును బోధించిరి. ఇట్లు ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. ఇందొక విశేషము గమనింపదగియున్నది. ఆయన తాను చేరవలసిన స్థలమును మార్చుకొనిరి గాని, చేయదలచిన పనిని మార్చుకొనలేదు. సేవ యను గురి నిలిచియే యుండెను; దానికి పోవు మార్గము మాత్రము వేఱయ్యెను.

వైద్యవిద్యకు వలయు ధనము ఇంట లేదు. మిత్రులు కొంత తోడ్పడిరి. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సహాయము చేసిరి. వారి కుమార్తె శేషగిరిగారినే సుబ్బారావుగారు పిమ్మట వివాహమాడిరి. ఈ సహాయములలో ఏ యొక్కటి లేకున్నను ఆ చదువు నడిమధ్యనే నిలిచిపోయెడిది. ఆయన యౌవనముననే పురుషోత్తము, కృష్ణమూర్తి యను సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొలది దినముల యెడముతో మరణించిరి. ఆహారము దేహమునకు పట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు కృశించిపోవు వ్యాధి యది. సుబ్బారావుగారిని సయితము ఆ రోగము పట్టగా, ఆయుర్వేద వైద్యులు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన బ్రదికిరి.

వైద్యకళాశాలయందు మఱియొక దెబ్బ తగిలెను. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి సయితము ఖద్దరు దుస్తులనే ధరించి పోవుచుండిరి. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహము కలిగించెను. వ్రాతపరీక్షలలో చక్కగా వ్రాసినను ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమును మాత్రమే ఇచ్చిరి. ఆ పట్టముతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు యత్నించిరి, దొరకలేదు.

చదువరులారా, ఈ స్థితిని ఒక్క క్షణము ఆలోచింపుడు. రెండుమాఱులు తప్పి, పరుల ధనముతో చదివి, చివరకు చేతికి చిక్కినది కోరిన పట్టము కాదు. ఆశించిన యుద్యోగమును రాలేదు. ఇంట వితంతువైన తల్లి, నూతనముగా పెండ్లియాడిన భార్య. మనలో ఎందఱు ఇచ్చట కూలబడకుందురు? సుబ్బారావుగారు కూలబడలేదు, తెఱచియున్న ద్వారము ఏదియని వెదకిరి. తన్ను బ్రదికించిన లక్ష్మీపతిగారు చెన్నపట్టణమున నడపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించు నుద్యోగమున చేరిరి. అది పెద్ద యుద్యోగము కాదు. అయినను అచ్చట ఆయనకు ఔషధములపై పరిశోధన చేయవలయునను కోరిక బలపడెను. రాక్‌ఫెల్లరు సంస్థ తరపున వచ్చిన యొక అమెరికా వైద్యుని పరిచయముచే ఆ దేశమునకు పోవలయునను సంకల్పము కలిగెను.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమన్నచో నేటికిని గొప్ప పేరు. ఎల్.ఎం.ఎస్. చదివిన యొక తెలుగు యువకుడు అచ్చటికి పోవుట మితిమీఱిన ఆశగా తోచవచ్చును. కాని సుబ్బారావుగారు అడిగినదేమో చూడుడు. ఆయన అచ్చట సంపూర్ణమైన వైద్యపట్టమునకు యత్నింపలేదు. ఉష్ణమండల వ్యాధులను గూర్చి బోధించు కొలదికాలపు డిప్లొమా చదువును ఎంచుకొనిరి. తమ పట్టము దానికి చాలును. తమ దేశపు రోగములు, తమ యింటిని కాల్చిన రోగము, ఆ చదువులోనివే. ధనమునకై కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి వాగ్దానమును, మామగారి సహాయమును సంపాదించిరి. ఇట్లు అర్హతను, అవసరమును, ధనమును మూటిని లెక్కవైచికొని ఓడ యెక్కి, 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరమున దిగిరి.

తెచ్చిన ధనము చాలలేదు. చేతనున్న పట్టముతో ఆ దేశమున వైద్యవృత్తి చేయుటకు వీలులేదు. కావున రాత్రులయందు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపఱచు పనికి కుదిరి, పగలు చదివిరి. డిప్లొమా ముగిసిన పిదప హార్వర్డు వైద్యకళాశాలలోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె యను శాస్త్రజ్ఞునితో చేరిరి. 1925లో వారిరువురును రక్తము, మూత్రము మొదలగు వానిలో భాస్వరమెంత గలదో కొలుచుటకు ఒక విధానమును ప్రకటించిరి. రసాయనములు కలుపగా నీలవర్ణము పుట్టును. ఆ రంగు గాఢతనుబట్టి భాస్వరము మొత్తము తెలియును. ఈ విధానము సుబ్బారావుగారి పేరుతో నేటికిని జీవరసాయన గ్రంథములలో నున్నది.

ఆ కొలతయే తరువాతి సంగతులకు తాళపుచెవి యయ్యెను. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వారు కనుగొనిరి. అదే యేట జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఏ.టి.పి.ని వేఱుగా కనుగొనెను. మనము చేయి కదల్చినను, గుండె కొట్టుకొన్నను అందులకు వలయు శక్తిని అందించునది ఈ పదార్థమే. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు వారు పిహెచ్.డి. పట్టము నొసంగిరి. మెట్రిక్యులేషను రెండుమాఱులు తప్పిన బాలుడు ఈయనయే!

ఇంత చేసినను ఆ విశ్వవిద్యాలయమున ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. అప్పుడును మూసిన తలుపు నెదుట కూర్చుండలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను గ్రామమునందున్న లెడర్లీ ఔషధ పరిశోధనశాలకు పోయిరి. అచ్చట ఎనిమిదేండ్లలో ఆయన నాయకత్వమున జరిగిన పని ఆశ్చర్యకరము. 1945లో ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలయందు తయారుచేసిరి. ఇది స్ప్రూ వ్యాధికి పనిచేయు ఔషధము. సోదరులను మ్రింగిన రోగమునకు మందు ఆయన పరిశోధనశాలనుండియే వెలువడెను. బోదకాలు వ్యాధిని కలిగించు క్రిములను అణచు హెట్రజాన్ అను మందును అచ్చటనే తయారయ్యెను. ఆ పరిశోధనశాలవారు చేసిన అమినోప్టెరిన్ అను మందును సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లలకిచ్చి, ఆ రోగము కొంతకాలము వెనుకకు తగ్గుటను 1948లో లోకమునకు తెలిపెను. అదే యేట డగ్గరు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ ప్రకటింపబడెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇది మొదటిది.

ఆ 1948వ సంవత్సరము ఆగస్టు నెలలోనే, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిద్రలోనే కాలధర్మము నొందిరి. బోస్టనుకు పోయినది మొదలు వారు స్వదేశమునకు తిరిగిరాలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే ఎదురుచూచుచు కాలము గడపిరి. ఈ సంగతిని మేము దాచము. గొప్ప చదువులకు చెల్లింపు ఒక్క చదివినవాని చేతనే జరుగదు. తల్లియు, భార్యయు, బంధువులును తమ వంతు చెల్లించుచుందురు. విద్యార్థులు దీనిని మఱువరాదు. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరమున, భారత ప్రభుత్వము ఆయన రూపముతో తపాలాబిళ్ళను ప్రకటించెను.

ఇక ఈ చరిత్రమునుండి మన విద్యార్థులు గ్రహింపవలసిన దేమి? పరీక్ష తప్పిన ప్రతివాడును సుబ్బారావుగారగునని మేము చెప్పము. అట్లు చెప్పుట కల్ల. పట్టుదలతో పాటు ఆయనకు లెక్క తెలియును. గురిని గట్టిగా పట్టుకొని, మార్గమును అవసరమునుబట్టి మార్చుకొనిరి. తాము ప్రవేశింపగల చదువు ఏదో, దానికి ధన మెచ్చటనుండి వచ్చునో ముందే విచారించిరి. తక్కువ పట్టమని సిగ్గుపడి దానిని పాఱవేయలేదు. దానినే మెట్టుగా చేసికొనిరి.

నేడును మెట్లు లేకపోలేదు. ఇంజనీరింగు కోరు విద్యార్థి పదవ తరగతి పిదప పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి, ఈసెట్ పరీక్ష వ్రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. వైద్యకళాశాలలో స్థానము దొరకనివాడు జీవరసాయనమును చదివి ఔషధపరిశోధన చేయవచ్చును. సుబ్బారావుగారి కీర్తియంతయు ఆ మార్గముననే వచ్చినది గదా! కావున తలిదండ్రులు పిల్లలతో కూర్చుండి, ఒక్క పేరు గాక రెండు మూడు మార్గములను కాగితముపై వ్రాసి, ప్రతిదాని యెదుట వ్యయమును, అర్హతను, అది చేర్చు చోటును వ్రాసికొనుట మంచిది. ఇంటి శక్తిని పిల్లలకు దాపకుండ చెప్పుటయు మంచిదే. మా ఉపాధ్యాయులు ఇందులకు తోడ్పడుటకు ఎల్లప్పుడును సిద్ధముగా నున్నారు.

దేవుడు అందఱికి ఒకే ద్వారమును తెఱువడు. మూసిన తలుపును చూచి యేడ్చుచు నిలిచినవానికి ప్రక్కన తెఱచియున్న తలుపు కనబడదు. ఈ యేట మా పాఠశాలను విడిచిపోవు పిల్లలు కన్నీరు తుడిచికొని ఆ ప్రక్క తలుపును సయితము చూతురు గాక యని ప్రార్థించుచున్నాము.