గీత గీసినవారే గీత దాటిన వేళ

అమెరికా సంయుక్త రాష్ట్రాల మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1743 ఏప్రిల్ 13న వర్జీనియాలో జన్మించారు. న్యాయశాస్త్రం అభ్యసించి, 33 ఏళ్ల వయసులో 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనకు ముసాయిదా రచించారు.

జాతీయ బ్యాంకు స్థాపించాలని ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ప్రతిపాదించగా, విదేశాంగ మంత్రిగా ఉన్న జెఫర్సన్ 1791లో వ్యతిరేకించారు. రాజ్యాంగం పేర్కొనని అధికారమేదీ కేంద్రానికి లేదని, మిగిలినవన్నీ రాష్ట్రాలకూ ప్రజలకూ చెందుతాయని ఆయన వాదం. పేర్కొన్న అధికారాలను అమలుపరచడానికి తోడ్పడే మార్గాలు కూడా రాజ్యాంగంలో ఇమిడి ఉన్నవేనని హామిల్టన్ వాదం. అధ్యక్షుడు వాషింగ్టన్ హామిల్టన్ వైపే మొగ్గి బిల్లుపై సంతకం చేశారు.

1798లో ప్రభుత్వంపై విమర్శను శిక్షార్హం చేసే రాజద్రోహ చట్టం వచ్చింది. ఉపాధ్యక్షుడై ఉండి కూడా జెఫర్సన్ దానిని నిరసిస్తూ కెంటకీ శాసనసభ కోసం రహస్యంగా తీర్మానాలు రచించారు. 1800 ఎన్నికలలో ఆయన అభ్యర్థిగా నిలిచినప్పుడు ఈ అభిప్రాయాలపైనే తీవ్రమైన చర్చ నడిచింది. కేంద్రం బలహీనపడితే దేశం ముక్కలవుతుందని ప్రత్యర్థులు భయపడ్డారు. అదుపులేని కేంద్రం మరో రాజరికమేనని అనుచరులు బదులిచ్చారు. ఆరన్ బర్‌తో ఓట్లు సమానం కాగా, ప్రతినిధుల సభ 36వ విడత ఓటింగులో జెఫర్సన్‌ను ఎన్నుకొంది.

అసలు పరీక్ష 1803లో ఎదురైంది. ఫ్రాన్సు పాలకుడు నెపోలియన్ లూసియానా ప్రాంతాన్ని కోటిన్నర డాలర్లకు అమ్మజూపాడు. దానితో దేశ విస్తీర్ణం ఇంచుమించు రెట్టింపవుతుంది. కాని కొత్త భూభాగం కొనే అధికారం రాజ్యాంగంలో ఎక్కడా పేర్కొనలేదు. జెఫర్సన్ తొలుత రాజ్యాంగ సవరణకు ముసాయిదా సిద్ధం చేసుకున్నారు. ఆలస్యమైతే నెపోలియన్ మాట మారుస్తాడేమోనన్న శంకతో దానిని పక్కనపెట్టి, ఒప్పందాన్ని సెనేట్ ముందుంచారు. 24 మంది అనుకూలంగా, 7 గురు ప్రతికూలంగా ఓటు వేశారు. అంతవరకు బలమైన కేంద్రాన్ని కోరిన ప్రత్యర్థులలో పలువురు ఇప్పుడు రాజ్యాంగపు హద్దులను గుర్తుచేయడం విశేషం. అక్కడ నివసించే ఫ్రెంచి భాషీయులనూ, ఆదిమ జాతులవారినీ మాత్రం ఎవరూ అడగలేదు. ఎక్కడో జరిగిన సంతకాలతో వారి ఏలిక మారిపోయింది.

1807లో విదేశీ వర్తకాన్ని నిషేధించి, దాని అమలుకు జెఫర్సన్ కేంద్రాధికారాన్ని మరింత కఠినంగా వాడారు. ఓడరేవుల ప్రజలు జీవనోపాధి కోల్పోయి ఆగ్రహించారు. మానవులందరూ సమానులని చాటిన ఆయన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని కావడం మరొక వైరుధ్యం.

1809లో పదవీ విరమణ చేసి, తరువాత వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన 1826 జూలై 4న కన్నుమూశారు. అధికారానికి హద్దు ఉండాలని వాదించడం కంటే, అధికారం చేతికి వచ్చాక ఆ హద్దును పాటించడం ఎంత కష్టమో ఆయన జీవితం తెలుపుతుంది.