మద్దెలకు శ్రుతి గలదని చూపిన పండితుడు

ఒకే షడ్జమును వీణపై మీటినను, ఫిడేలుపై కమానుతో పలికించినను, గాయకుడు గొంతెత్తి పాడినను, కన్నులు మూసికొని కూర్చున్న శ్రోత ఇది వీణ, ఇది ఫిడేలు, ఇది కంఠము అని తడబడక చెప్పగలడు. శ్రుతి యొక్కటియే, బలమొక్కటియే. నాదము మాత్రము వేఱు. ఈ భేదమునకు మూలమేమో కొలతలతోను ప్రయోగములతోను తేల్చ బూనిన భారతీయులలో అగ్రగణ్యులు చంద్రశేఖర వేంకటరామన్. ఆయన పేరు విన్నంతనే లోకమునకు కాంతి స్ఫురించును. 1930లో నోబెల్ బహుమానము వచ్చినది కాంతి పరిశోధనకే. దానికి ముందు పెక్కేండ్లు ఆయన తన చెవిని, బుద్ధిని నాదమునకు అప్పగించిన సంగతి మన పాఠకులలో ననేకులకు తెలియదు. ఆ కథనే యిచట చెప్పదలచితిమి.

ఆయన 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంత జన్మించిరి. తండ్రి చంద్రశేఖరయ్యరు 1892లో విశాఖపట్టణమునకు వచ్చి, ఏ. వి. ఎన్. కళాశాలలో గణిత భౌతికశాస్త్రములకు ఉపన్యాసకులైరి. కావున రామన్ బాల్యము మన సముద్రతీరముననే గడచినది. పదునొకండవ యేట మెట్రిక్యులేషను, పదుమూడవ యేట ఎఫ్. ఏ. విశాఖలోనే ముగించిరి. అంతమాత్రమున ఆయనను ఆంధ్రుడని చెప్పికొనుట మాకు సమ్మతము కాదు. విశాఖ ఆయనకు తొలి చదువు చెప్పిన పట్టణమనుట సత్యము, అది చాలును. తండ్రి ఫిడేలు వాయించెడివారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి. ఏ., 1907లో ఎం. ఏ. పూర్తి యైనవి. ఆ 1907లోనే వివాహమాడిన లోకసుందరి వీణా విదుషి. ఆమె త్యాగరాజస్వామి తెలుగు కీర్తన నొకదానిని వీణపై పలికించుచుండగా విని రామన్ ముగ్ధులైరని చెప్పుకొందురు.

విద్యార్థిదశలో ఆయన మనస్సును పట్టిన గ్రంథములలో నొకటి, జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్‌జ్ 1863లో ప్రకటించిన నాదశాస్త్ర గ్రంథము. అందలి సారమిది. మీటిన తంత్రి మొత్తముగా కంపించుటయే కాక, అదే క్షణమున రెండు భాగములుగాను, మూడు భాగములుగాను, నాలుగు భాగములుగాను కూడ కంపించును. మూలస్వరమునకు రెండు, మూడు, నాలుగు రెట్లుగా నుండు ఈ ఉపస్వరములు చెవికి విడివిడిగా తోచవు. వాని పాళ్లను బట్టి నాదము తీయనగునో, గఱకగునో, బొంగురగునో నిర్ణయమగును. మనుష్యకంఠమునను ఇదియే న్యాయము. స్వరతంత్రులు పుట్టించిన నాదములో నోటి పోలిక, గొంతు పోలిక కొన్ని ఉపస్వరములను పెంచి కొన్నింటిని అణచును. అందువలననే ఒకే శ్రుతిలో పలికిన అకారము, ఇకారము, ఉకారము వేఱు వేఱుగా వినబడుచున్నవి. ఇంటివారి గొంతు తలుపు వెలుపలినుండియే గుర్తుపట్టబడుచున్నది.

1907లో రామన్ ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగియై కలకత్తా చేరిరి. బౌబజారు వీధిలో మహేంద్రలాల్ సర్కారు 1876లో స్థాపించిన భారతీయ విజ్ఞాన పరిషత్తు ఆ రోజులలో దాదాపు నిద్రాణముగా నుండెను. ఈ యువకుడు కచేరీకి పోకముందు వేకువనే అచటికి పోవును. కచేరీ విడిచిన పిదప మరల రాత్రివఱకు అచటనే. అశుతోష్ డే అను సహాయకుడొక్కడు తోడు. 1909లోనే బిచ్చగాండ్ర చేతి ఏక్‌తారాను గూర్చి వ్యాసము వ్రాసిరి. 1917లో అశుతోష్ ముఖర్జీ పిలుపుపై విశ్వవిద్యాలయపు పాలిత్ ఆచార్యపదవి స్వీకరించినప్పుడు జీతము దాదాపు సగమునకు తగ్గెను. ఆ పదవికి విదేశమునకు పోయి శిక్షణ పొంది రావలెనను నియమముండగా ఆయన అంగీకరింపలేదు, నియమమే సడలినది. పాశ్చాత్యుల యోగ్యతాపత్రము లేనిదే మనవారి విద్యను మనవారే నమ్మని ఆ కాలమున, ఇది సామాన్యమైన పట్టుదల కాదు.

ఫిడేలుపై ఆయన చేసిన కృషి 1918 నాటి గ్రంథమున గలదు. కమాను తంత్రిని కొంతదూరము తనతో లాగికొని పోవును, అంతలో తంత్రి జారి వెనుకకు ఎగురును, మరల పట్టుబడును. ఈ పట్టుట, జారుట యొక్క గణితమును ఆయన సమగ్రముగా తేల్చిరి. తరువాత కమానును కదలనీయక, ఫిడేలునే ముందువెనుకలకు నడపు యంత్రమొకటి చేయించి, కమాను గుఱ్ఱమునకు దగ్గరగు కొలది ఎంత హెచ్చు ఒత్తిడి కావలయునో కొలిచిరి. ఫిడేలు నేర్చిన ప్రతి బాలుని చేతికి తెలిసిన విషయమే అది; దానికి అంకెలు అప్పుడు వచ్చినవి.

వీణ, తంబురల సంగతి ఇంకను విచిత్రమైనది. తంత్రిని ఏ స్థానమున మీటుదుమో, ఆ స్థానమున నిశ్చలముగా నుండవలసిన ఉపస్వరములు నాదములో వినరాదని ఐరోపా శాస్త్రము చెప్పుచుండెను. ఫిడేలు గుఱ్ఱము సన్నని అంచు గలది. మన వీణ గుఱ్ఱము వెడల్పై, కొంచెము వంపు దీరినది. కంపించు తంత్రి దానిపై ఆని లేచి ఆని లేచి సాగును. తంబురలో గుఱ్ఱమునకు తంత్రికి నడుమ జీవా యను దారము నుంచి ఈ గుణమును మఱింత పెంచుదురు. ఈ వాద్యములలో, రాకూడదన్న ఉపస్వరములు రావడమే కాక బలముగా మ్రోగుచున్నవని రామన్ 1921లో ప్రకటించిరి. సూత్రము తప్పు కాదు. సూత్రమునకు ఆధారమైన గుఱ్ఱము వేఱు.

ఇక మృదంగము. దీని దగ్గర కొంతసేపు నిలువక తప్పదు. గుండ్రముగా బిగించిన తోలు మ్రోగునప్పుడు దాని ఉపస్వరములు మూలమునకు రెండు, మూడు రెట్లుగా రావు, సుమారు 1.59, 2.14, 2.30 రెట్లుగా చెల్లాచెదరుగా వచ్చును. కావున తోలు వాద్యము తాళమునకే కాని స్వరమునకు కొఱగాదని పాశ్చాత్యుల మతము. మన మద్దెల మ్రోతను వట్టి రొదగా నెంచిన దొరలకు కొదువ లేదు. శివకాళీ కుమార్ తో కూడి రామన్ 1920లో నేచర్ పత్రికలో ప్రకటించిన చిన్న లేఖ ఈ మతమును తలక్రిందు చేసినది. మృదంగపు కుడి మూతపై ఇనుప చిట్టెపు పొడియు మెత్తని అన్నమును కలిపి, పొరపై పొరగా పూసి ఆరబెట్టిన నల్లని ముద్దయే కీలకము. నడుమ బరువు చేరుటచే, మొత్తము తోలు లేచి పడు మూలకంపనము మందగించును. నడిమి భాగము కదలని కంపనములకు ఆ బరువు అంతగా తగులదు. తత్ఫలితముగా 1.59 పోయి రెండగును. తక్కినవి మూడు, నాలుగు, అయిదునకు సరిపడును. అంచు చుట్టునున్న తోలు కట్టు అంతకు మించిన స్వరములను అణచును. మూతపై సన్నని ఇసుక చల్లి వాయించి, ఇసుక ప్రోగుపడిన రేఖలను బట్టి, తొమ్మిది విధములైన కంపనములు కలిసి అయిదు శుద్ధ స్వరములే యగుచున్నవని తేల్చిరి. వేఱొక విధముగ చెప్పవలెనన్న, తంత్రి సహజముగా చేయు పనిని మన శిల్పి తోలుచేత చేయించినాడు. తబలాకును ఇదియే వర్తించును. కచేరీ ఆరంభమునకు ముందు విద్వాంసుడు ఎడమ మూతకు రవ్వముద్ద నద్దుచు, అంచును తట్టుచు కాలయాపన చేయుచున్నాడని మేము చిన్ననాట విసుగుకొనెడివారము. ఆ విసుగు ఎంత మౌఢ్యమో ఈ పరిశోధన చదివిన పిదప కాని మాకు తెలియలేదు.

1921లో ఆయన తొలిసారి ఇంగ్లండునకు వెళ్లి, లండనులోని సెయింటు పాల్ దేవాలయపు గుసగుసల వసారాలో ధ్వని గోడను అంటి ఎట్లు ప్రాకునో పరీక్షించిరి. తిరుగు ప్రయాణమున సముద్రపు నీలిమ ఆయన మనస్సును లాగికొన్నది. 1928 ఫిబ్రవరి 28వ తేదీ నాటి కాంతి విశేషము లోకమునకు తెలిసినదే. మాకు దీనివలన ఒక చింత లేకపోలేదు. కాంతి పొందిన లాభము నాదమునకు నష్టమైనది. ఆయన శిష్యులలో అధికసంఖ్యాకులు కాంతివెంట నడచిరి. శివకాళీ కుమార్ పేరు నేడు తలచువారు అరుదు. వాద్యములు చేయు కులవృత్తులవారి పనికొట్టములకును ప్రయోగశాలకును నడుమ త్రోవ యేర్పడలేదు.

అయినను రామన్ మృదంగమును మఱువలేదు. నోబెల్ బహుమానము వచ్చిన నాలుగేండ్లకు, 1934లో, బెంగుళూరునుండి భారతీయ వాద్యములగు మృదంగ తబలాలను గూర్చి చిత్రములతో విపులమైన వ్యాసము ప్రకటించిరి. 1970 నవంబరు 21వ తేదీన, తాము 1948లో స్థాపించిన పరిశోధనాలయముననే కన్నుమూసిరి. దహనము ఆ తోటలోనే జరిగినది. అచట సమాధి కట్టలేదు. ఒక చెట్టు నాటిరి.