శిశువైద్యుడు విల్లెం డికె
బక్కచిక్కిన కాళ్లు చేతులు, ఉబ్బిన పొట్ట, పాలిపోయిన మోము, ఎంత తినినను ఒంటబట్టని తిండి – సీలియాక్ వ్యాధి గల శిశువు ఇట్లుండును. 1888లో శామ్యూల్ గీ అను లండను వైద్యుడు దీనిని చక్కగా వర్ణించి, ఆహారపు మార్పు చేతనే నయము కావలెనని తలచెను. కాని పలుచగా కోసి కాల్చిన రొట్టెను రోగికి పెట్టవచ్చునని చెప్పినవాడును ఆతడే! కీడు ఎచ్చట నున్నదో ఆతడెరుగడు.

దానిని కనుగొన్న విల్లెం కారెల్ డికె 1905లో నెదర్లాండ్సు దేశమునందలి డార్డ్రెక్ట్ పట్టణమున జన్మించెను. 1936లో, ముప్పది యొకటవ యేటనే, హేగ్ నగరమందలి జూలియానా శిశువైద్యశాలకు అధిపతి యయ్యెను. రొట్టె మాన్పినచో తన బిడ్డకు నెమ్మదించుచున్నదని ఒక తల్లి ఆతనితో చెప్పినదందురు. పెద్ద చదువులు చదివినవారు సామాన్యముగా త్రోసిపుచ్చు మాట అది. డికె చెవియొగ్గి వినెను. గోధుమలేని ఆహారమిచ్చి చూచి, 1941లో ఒక వ్యాసము ప్రకటించెను.

1944–45 శీతకాలమున, జర్మను సేనల వశమందున్న పశ్చిమ నెదర్లాండ్సున ఘోరక్షామము పుట్టెను. జనులు ట్యూలిప్ దుంపలను సైతము తినిరి, వేలమంది మరణించిరి. అట్టి దినములలో రొట్టె దొరకని సీలియాక్ రోగులైన శిశువులు కోలుకొనిరి! యుద్ధము ముగిసి రొట్టె వచ్చినంతనే మరల క్షీణించిరి. క్షామమే డికెకు ఈ సంగతి నేర్పెనని పలువురు వ్రాయుదురు. అది సరికాదు. ఆతని అనుమానము అంతకు ముందటిది. క్షామము దానిని బలపరచినది.

అయినను అనుమానమును నమ్మి, రొట్టెయే అన్నమైన దేశమున రొట్టె మానుడని తల్లులతో చెప్పుట యెట్లు? రుజువు కావలెను. వాన్ డి కామర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మలములో జీర్ణముకాక పోవు క్రొవ్వును కొలుచు విధానము కల్పించెను. వేయర్స్ అను వైద్యుడును తోడయ్యెను. గోధుమ పెట్టినచో ఆ క్రొవ్వు హెచ్చెను, మాన్పినచో తగ్గెను. రై ధాన్యమును హానికరమే. వరియు మొక్కజొన్నయు కావు. గోధుమపిండిని కడిగి తీసిన గంజిపొడి యందు దోషము లేదు. పిండి పిసికినపుడు సాగు జిగురున, అనగా గ్లూటెన్ అను మాంసకృత్తు నందే, దోషమున్నది. 1950లో డికె యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమున సిద్ధాంతగ్రంథము సమర్పించెను. పిమ్మట అచ్చటనే ఆచార్యుడై, 1962లో, ఏబదియేడవ యేట కన్నుమూసెను.

అందరును తిను గోధుమ కొందరికే కీడు చేయుట యేల? వంశానుగతమైన లక్షణములు కొంత కారణమని తరువాత తెలిసెను. కాని ఆ లక్షణములున్నవారిలో పెక్కురకు వ్యాధి రాదు. 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలకు రియోవైరసును సోకించి చూడగా, దేహరక్షణ వ్యవస్థ గ్లూటెన్‌ను శత్రువుగా నెంచ మొదలిడెను. ఎంటరోవైరసు ముందుగా సోకిన శిశువులలో సీలియాక్ హెచ్చుగా నున్నట్లు 2019లో నార్వే పరిశోధకులు ప్రకటించిరి. వైరసే కారణమని ఇంకను నిరూపితము కాలేదు. ఆ శిశువులకు నేడును వైద్యులు విధించు ముఖ్యచికిత్స గోధుమ, రై, బార్లీలను జీవితాంతము మానుటయే.