విలియం మిల్లర్

విలియం మిల్లర్ (ఫిబ్రవరి 15, 1782 - డిసెంబరు 20, 1849) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన రైతు, సైనికాధికారి, బాప్టిస్టు బోధకుడు. యేసుక్రీస్తు రెండవ రాకడ 1843 ప్రాంతంలో జరుగుతుందని బైబిలులోని దానియేలు గ్రంథం ఆధారంగా లెక్కకట్టి ప్రకటించాడు. ఈయన అనుచరులను మిల్లరైట్లు అంటారు. వారు చివరిగా నమ్మిన 1844 అక్టోబరు 22వ తేదీ ఏ విశేషమూ లేకుండా గడచిపోయింది. ఈ సంఘటనను చరిత్రకారులు "మహా నిరాశ" అని వ్యవహరిస్తారు. ప్రవచనాలలోని ఏ మాటను వాచ్యార్థంలో గ్రహించాలి, ఏ మాటను సంకేతంగా గ్రహించాలి అనే చర్చలో మిల్లర్ జీవితం తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

బాల్యము, యౌవనము

మిల్లర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్‌లో జన్మించాడు. తండ్రి పేరు కూడా విలియం మిల్లరే. ఆయన అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొన్న సైనికుడు. తల్లి పౌలీనా బాప్టిస్టు బోధకుని కుమార్తె. పదహారుమంది సంతానంలో మిల్లర్ పెద్దవాడు. 1786లో ఈ కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని లో హాంప్టన్ గ్రామానికి తరలి వెళ్ళింది. పాఠశాల చదువు కొద్దికాలమే సాగినా, దొరికిన ప్రతి పుస్తకాన్నీ చదివి మిల్లర్ స్వయంకృషితో విద్యావంతుడయ్యాడు.

1803లో లూసీ స్మిత్‌ను వివాహమాడి, వెర్మాంట్ రాష్ట్రంలోని పౌల్ట్నీలో స్థిరపడ్డాడు. అక్కడి గ్రంథాలయంలో వోల్టేర్, హ్యూమ్, థామస్ పెయిన్‌ల రచనలు చదివి బైబిలుపై విశ్వాసం కోల్పోయాడు. సృష్టికర్త ఉన్నాడు గాని మానవుల వ్యవహారాలలో జోక్యం చేసుకోడని చెప్పే డీయిజం వైపు మొగ్గాడు. బోధకులైన తన బంధువుల ప్రసంగ ధోరణిని అనుకరించి మిత్రులను నవ్వించేవాడు.

మత విశ్వాసంలో మార్పు

బ్రిటనుతో 1812లో మొదలైన యుద్ధంలో మిల్లర్ అమెరికా సైన్యంలో కెప్టెన్‌గా పనిచేశాడు. 1814 సెప్టెంబరు 11న జరిగిన ప్లాట్స్‌బర్గ్ యుద్ధంలో ఒక ఫిరంగి గుండు ఆయనకు అతి సమీపంలో పేలినా గాయపడలేదు. సంఖ్యలో తమకంటే ఎంతో అధికంగా ఉన్న శత్రువుపై అమెరికన్లు గెలవడం ఆయనను ఆలోచింపజేసింది. మానవ వ్యవహారాలతో దేవునికి సంబంధం లేదన్న నమ్మకం సడలింది.

యుద్ధం ముగిసిన తరువాత లో హాంప్టన్‌కు తిరిగివచ్చి వ్యవసాయం చేయసాగాడు. 1816లో తిరిగి క్రైస్తవ విశ్వాసాన్ని స్వీకరించాడు. బైబిలులో పరస్పర వైరుధ్యాలు ఉన్నాయని తాను ఒకప్పుడు చేసిన వాదాన్నే పాత మిత్రులు ఆయన ముందుంచారు. వారికి సమాధానం చెప్పడానికి మిల్లర్ బైబిలును ఆదికాండము మొదలుకొని వచనం వెంట వచనంగా అధ్యయనం చేయడం ప్రారంభించాడు. బైబిలు కాక ఆయన ప్రధానంగా ఉపయోగించినది క్రూడెన్ కూర్చిన పదసూచిక.

వ్యాఖ్యాన పద్ధతి

బైబిలుకు బైబిలే వ్యాఖ్యానం అన్నది మిల్లర్ మూల సూత్రం. ఒక మాట ఉన్నదున్నట్లుగా అర్థవంతంగా ఉండి, ప్రకృతి నియమాలకు విరుద్ధం కాకపోతే దానిని వాచ్యార్థంలోనే తీసుకోవాలని, లేనిచో సంకేతంగా భావించాలని ఆయన నియమం ఏర్పరచుకొన్నాడు. సంకేతమైన పక్షంలో ఆ పదం బైబిలులో మరెక్కడెక్కడ వాడబడిందో చూసి అర్థాన్ని నిర్ణయించేవాడు. ఈ విధంగా మృగం అంటే రాజ్యమని, జలాలు అంటే ప్రజలని, ప్రవచనాలలో దినం అంటే సంవత్సరమని నిర్ణయించాడు. దినానికి సంవత్సరం అనే లెక్కకు సంఖ్యాకాండము 14వ అధ్యాయం, యెహెజ్కేలు 4వ అధ్యాయం ఆధారాలు. ఈ సూత్రం మిల్లర్ కనిపెట్టినది కాదు. అంతకు పూర్వమే అనేకమంది ప్రొటెస్టెంటు పండితులు దీనిని పాటించారు.

కనుక మిల్లర్‌ను కేవలం వాచ్యార్థవాది అనడం సరికాదు. ఆయన వ్యాఖ్యానంలో కాలం సంకేతం, సంఘటన మాత్రం వాస్తవం. దినాలు సంవత్సరాలు, శుద్ధి చేయబడే పరిశుద్ధస్థలం ఈ భూమి, ఇశ్రాయేలుకు చేయబడిన వాగ్దానాలు క్రైస్తవ సంఘానికి చెందినవి. క్రీస్తు రాకడ మాత్రం కంటికి కనిపించేదే. యూదులు పాలస్తీనాకు తిరిగివస్తారని ఎదురుచూసిన ఆనాటి బ్రిటిష్ వాచ్యార్థవాదులు ఈ విషయంలో ఆయనతో విభేదించారు.

కాల గణన

దానియేలు 8వ అధ్యాయంలో, 2300 దినాల తరువాత పరిశుద్ధస్థలం శుద్ధి చేయబడుతుందని ఉంది. ఈ దినాలు, 9వ అధ్యాయంలోని 70 వారాలు ఒకేసారి మొదలవుతాయని మిల్లర్ భావించాడు. ఆయన లెక్క స్థూలంగా ఇది:

* పారసీక రాజు అర్తహషస్త ఆజ్ఞ ఇచ్చిన సంవత్సరం క్రీ.పూ. 457.
* 70 వారాలు అంటే 490 దినాలు, అనగా 490 సంవత్సరాలు. ఇవి క్రీ.శ. 33లో క్రీస్తు మరణంతో ముగుస్తాయి.
* 2300 నుండి 490 తీసివేయగా మిగిలేది 1810.
* 33కు 1810 కలుపగా 1843.

మొదటి భాగం చరిత్రలో నెరవేరిందని నమ్మినందున, రెండవ భాగమూ తప్పక నెరవేరుతుందని ఆయన విశ్వసించాడు. 1818 నాటికే ఈ నిర్ణయానికి వచ్చినా, పొరపాటు ఉండవచ్చునన్న సందేహంతో చాలాకాలం బహిరంగంగా ప్రకటించలేదు.

ప్రచారము

1831 ఆగస్టులో డ్రెస్డెన్ అనే సమీప గ్రామంలో మిల్లర్ తొలి ప్రసంగం చేశాడు. 1833లో బాప్టిస్టు సంఘం ఆయనకు బోధకునిగా అనుమతి పత్రం ఇచ్చింది. 1836లో ఆయన ఉపన్యాసాలు పుస్తకంగా వెలువడ్డాయి. 1839లో బోస్టన్ బోధకుడు జాషువా హైమ్స్‌తో పరిచయం ఏర్పడడంతో గ్రామాలకు పరిమితమైన ఈ బోధ మహానగరాలకు చేరింది. హైమ్స్ 1840లో "సైన్స్ ఆఫ్ ది టైమ్స్", 1842లో "మిడ్‌నైట్ క్రై" పత్రికలను ప్రారంభించాడు. 1842లో చార్లెస్ ఫిచ్, అపొల్లోస్ హేల్ తయారుచేసిన ప్రవచనాల పటం సభలలో విరివిగా వాడబడింది. మిల్లరైట్ల సంఖ్య 50 వేల నుండి లక్ష వరకు ఉండవచ్చునని అంచనా.

విమర్శకులు

సువార్త వ్యాప్తితో లోకం క్రమంగా బాగుపడి, వెయ్యేండ్ల శాంతియుగం గడచిన తరువాతనే క్రీస్తు వస్తాడని ఆనాటి అమెరికన్ ప్రొటెస్టెంట్లలో అనేకులు నమ్మేవారు. మిల్లర్ బోధ దీనికి పూర్తిగా విరుద్ధం. ఆండోవర్ విద్యాలయ ఆచార్యుడు మోజెస్ స్టువర్ట్ 1842లో ప్రకటించిన గ్రంథంలో దినాలంటే మామూలు దినాలేనని వాదించాడు. ఆయన ప్రకారం ఈ ప్రవచనం క్రీ.పూ. 2వ శతాబ్దంలో యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసిన నాల్గవ ఆంటియోకస్‌కు సంబంధించినది. నేటి బైబిలు పండితులలో అధికులది ఇదే అభిప్రాయం. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో హీబ్రూ ఆచార్యుడైన జార్జ్ బుష్ మాత్రం మిల్లర్ కాలగణనను అంగీకరించి, జరుగబోయేది లోకాంతం కాదన్నాడు. అంటే మిల్లర్ సంకేతంగా తీసుకొన్నదానిని స్టువర్ట్, వాచ్యంగా తీసుకొన్నదానిని బుష్ ప్రశ్నించారు.

మహా నిరాశ

నిర్దిష్టమైన తేదీ చెప్పడానికి మిల్లర్ మొదట ఇష్టపడలేదు. అనుచరుల ఒత్తిడి మీద 1843 మార్చి 21 - 1844 మార్చి 21 మధ్య కాలాన్ని సూచించాడు. అది గడచిపోయింది. 1844 ఆగస్టులో న్యూహాంప్‌షైర్‌లోని ఎక్సెటర్ శిబిరంలో శామ్యూల్ స్నో కొత్త లెక్క ప్రతిపాదించాడు. క్రీ.పూ. 1 తరువాత వెంటనే క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. కావున 2300 సంవత్సరాలు 1844లో ముగుస్తాయని, యూదుల ప్రాయశ్చిత్తార్థ దినమైన ఏడవ నెల పదవ రోజున, అనగా అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని ఆయన వాదన. మిల్లర్ అక్టోబరు మొదటి వారంలో గాని దీనిని అంగీకరించలేదు.

కొందరు రైతులు పంట కోయకుండా పొలాలలోనే వదలివేశారు. కొందరు వ్యాపారులు దుకాణాలు మూసివేశారు. చల్లని నీటిలో బాప్తిస్మాలిచ్చి జబ్బుపడిన చార్లెస్ ఫిచ్ అక్టోబరు 14న మరణించాడు. కొద్ది రోజులలోనే ఆయనను తిరిగి చూస్తామని భార్యాబిడ్డలు నమ్మారు. 22వ తేదీ గడచి తెల్లవారింది. ఎదురుచూసినవారిలో అనేకులు దుఃఖించారు, కొందరు విశ్వాసమే వదలుకొన్నారు, పొరుగువారి పరిహాసం అందరికీ తప్పలేదు.

తరువాతి వ్యాఖ్యానాలు

మిగిలిన మిల్లరైట్లు మూడు విధాలుగా చీలిపోయారు.

* సంఘటన నిజమే, కాలం లెక్కలోనే పొరపాటు ఉందన్నవారు. మిల్లర్ వీరితో నిలిచాడు. 1845 ఏప్రిల్‌లో ఆల్బనీలో వీరి సమావేశం జరిగింది.
* క్రీస్తు విశ్వాసుల హృదయాలలోనికి ఆత్మరూపంలో వచ్చాడన్నవారు. వీరిలో కొందరు షేకర్ల సమాజాలలో చేరారు.
* కాలం సరియైనదే గాని, పరిశుద్ధస్థలం భూమి కాదు, పరలోకంలోనిదన్నవారు. హైరమ్ ఎడ్సన్ ఈ భావనకు ఆద్యుడు.

మూడవ వర్గం నుండి, శనివారపు విశ్రాంతి దినాన్ని కూడా స్వీకరించిన వారితో, 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది. నూజివీడులో గిఫర్డ్ స్మారక ఆసుపత్రిని స్థాపించినది ఈ సంఘమే. 1844 మే నెలలో ఇరాన్‌లో బాబ్ తన ధర్మాన్ని ప్రకటించినందున, మిల్లర్ లెక్క సరియైనదేనని బహాయీలు కొందరు భావిస్తారు.

చివరి రోజులు

మిల్లర్ 1845లో ప్రచురించిన ఆత్మకథాత్మక రచనలో తాను చెప్పిన కాలం తప్పిందని ఒప్పుకొన్నాడు. రాకడ సమీపంలోనే ఉందన్న నమ్మకాన్ని మాత్రం వదలలేదు. అదే సంవత్సరం లో హాంప్టన్ బాప్టిస్టు సంఘం ఆయనను వెలివేసింది. 1848లో తన ఇంటి పక్కనే ఒక చిన్న ప్రార్థనా మందిరం కట్టించాడు. చివరి రోజులలో చూపు కోల్పోయి, 1849 డిసెంబరు 20న మరణించాడు. ఆయన ఇల్లు, ప్రార్థనా మందిరం నేటికీ పరిరక్షింపబడుతున్నాయి.

ప్రచారంలో ఉన్న కథలు

మిల్లరైట్లు తెల్లని అంగీలు ధరించి కొండలెక్కి ఎదురుచూశారనే కథ బహుళ ప్రచారం పొందింది. 1944లో ఫ్రాన్సిస్ నికోల్ అనే అడ్వెంటిస్టు రచయిత దీనిని పరిశీలించి, ఆధారాలు లేవని తేల్చాడు. మిల్లర్ ఈ ప్రచారంతో ధనవంతుడయ్యాడన్న నింద కూడా నిజం కాదు. ఆయన చివరి వరకు తన పొలం మీదనే జీవించాడు.