గబ్బిలము రెక్కల చాటున మేఘము

పూర్వకావ్యమును పేరెత్తకయే చదువరి తలపునకు దెచ్చుట కవులు అనాదిగా నెఱిగిన విద్య. ఒక పేరు, ఒక సన్నివేశము, ఒక్కొకప్పుడు కావ్యము నడచు తీరు మాత్రమే చాలును. చదువరి మనస్సున నిద్రించుచున్న పాతకథ మేల్కొని, క్రొత్తకథ ప్రక్కన నిలిచి మాటాడును. ఇరువదవ శతాబ్దపు తెలుగు కవిత్వమున ఈ విద్యకు గొప్ప నిదర్శనము గుఱ్ఱం జాషువ రచించిన గబ్బిలము. ఆ కావ్యము వెనుక ఆయన జీవితమంతయు కలదు.

జాషువ 1895 సెప్టెంబరు 28వ తేదీన నాటి గుంటూరు మండలమునందలి వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ కులమునకు చెందినది. వారిది క్రైస్తవ కుటుంబము. అయినను లోకము ఆ బాలుని అంటరానివానిగనే యెంచెను. మతము మారినంతమాత్రమున కులముద్ర మాయలేదు. పద్యము చెప్పు నేర్పు అలవడిన పిదపను పండితసభల వాకిళ్లు ఆయనకు సులభముగ తెరువబడలేదు.

ఆయన చదువు మానలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద కాళిదాసుని మేఘసందేశ, రఘువంశ, కుమారసంభవములను పఠించెను. బ్రదుకుతెరువునకై 1915-16 ప్రాంతమున రాజమహేంద్రవరము చేరి, మూగచిత్రములాడుచున్న వేళ ప్రేక్షకులకు కథ వినిపించు పని చేసెను. పిదప గుంటూరున ఉపాధ్యాయుడై, ఉభయభాషాప్రవీణ పట్టము పొంది, తెలుగు పండితుడుగ పెక్కేండ్లు పనిచేసెను. 1932లో వెలువడిన ఫిరదౌసి ఆయనకు కీర్తి తెచ్చెను. 1941లో గబ్బిలము వెలువడెను.

మేఘసందేశము కథ విద్యార్థులకు తెలిసినదే. కుబేరుని శాపమున ఒక యేడు భార్యకు దూరమైన యక్షుడు రామగిరిపై నుండి అలకాపురికి మేఘముతో సందేశమంపును. ఆ కావ్యము వెనుకను మఱియొక కథ కలదు. సీతకు రాముని వార్త గొనిపోయిన హనుమంతుని కాళిదాసు ఆ కావ్యముననే తలపించినాడు. వ్యాఖ్యాతయైన మల్లినాథుడును ఈ సంబంధమును గుర్తించెను. కావున పాతకథపై క్రొత్తకథను నిలుపుట కాళిదాసునకును పరిచితమైన మార్గమే.

జాషువ ఆ మార్గముననే నడచి, చేరవలసిన చోటు మార్చెను. ఆయన నాయకుడు యక్షుడు కాడు, ఆకలితో అలమటించు అంటరానివాడు. అతడు వార్తనంపునది ప్రియురాలికి కాదు, కాశీ విశ్వనాథునకు. దూత మేఘము కాదు, గుడిసెలోనికి వచ్చిన గబ్బిలము. గబ్బిలము ఇల్లు సొచ్చుట అశుభమని లోకమందురు. కాని ఆలయమున దాని కడ్డులేదు. పూజారి లేని వేళ దేవుని చెవికడకు పోగలదు. మనుష్యుడై పుట్టినవానికి ఆ భాగ్యము లేదు.

ఇచ్చట పాతకావ్యము నెఱిగిన చదువరికి రెండు విషయములు స్ఫురించును. యక్షుని శాపమునకు గడువు కలదు. ఒక యేడు గడచిన తీరును. జాషువ నాయకుని శాపమునకు గడువు లేదు, తప్పును లేదు. మఱియు కాళిదాసుని మేఘము ఉజ్జయినిలో మహాకాళుని ఆలయముకడ నిలిచి, సంధ్యాపూజలో తన గర్జనమునే వాద్యముగ సమర్పింపవలసియున్నది. అది మేఘమునకు దారిలోని మజిలీ. గబ్బిలమునకు శివాలయమే గమ్యము. ఈ భేదమును జాషువ విడమఱచి చెప్పనక్కఱలేదు. చదువరి జ్ఞాపకమే చెప్పును.

నాయకుని అరుంధతీసుతుడనుటయు ఇట్టిదే. అరుంధతి వసిష్ఠమహర్షి ధర్మపత్ని. పెండ్లినాడు వధూవరులకు చూపు నక్షత్రము. మాదిగలు తమ్ము అరుంధతి సంతతిగ చెప్పుకొందురు. లోకము మ్రొక్కు తల్లి బిడ్డ లోకమునకు అంటరానివాడెట్లయ్యెనను ప్రశ్న ఆ యొక్క పేరులో నున్నది.

తరువాతి కాలమున గౌరవములు వచ్చెను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వయముగ ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి. 1964లో క్రీస్తుచరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణ బిరుదము లభించెను. 1971 జులై 24వ తేదీన గుంటూరున ఆయన మరణించెను.

గబ్బిలమును పాఠముగ చెప్పునపుడు మేఘసందేశము కథను ముందుగ వినిపించుట మేలు. అది తెలియని విద్యార్థి ఒక పేదవాని దుఃఖమును మాత్రమే వినును. తెలిసినవాడు, కాళిదాసు కవిత్వము తనకును వారసత్వమేయని నిరూపించిన ఒక కవి స్వరమును గూడ వినును.